ప్లాట్‌ఫారం చివర నిలబడినవాళ్ళు

ఇంగ్లాండులోని డోంకాస్టర్ నుంచి ఉత్తరం వచ్చింది. రాసింది నా పాత స్నేహితుడి అక్కగారు. తమ్ముడు నిద్రలోనే పోయాడనీ, అంత్యక్రియలకు బంధువులు నలుగురైదుగురు వస్తారనుకుంటే చర్చి నిండిపోయిందనీ, వచ్చినవాళ్ళలో చాలామంది ఎవరో తనకు తెలియదనీ రాశారు. "అందరూ ఆ కోట్లే వేసుకుని వచ్చారు" అని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం చదివి చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను.

ఆ కోటును ఇంగ్లాండులో అనొరాక్ అంటారు. వానకూ ఈదురుగాలికీ ఆగే బట్ట, మెడ వెనక టోపీ, నోటుపుస్తకం పట్టేంత జేబులు. 1970లలో సముద్రంలో లంగరు వేసిన ఓడల మీంచి పాటలు ప్రసారం చేసే రేడియో కెరొలైన్ వంటి స్టేషన్లు ఉండేవి. వాటిని కళ్ళారా చూడటానికి పడవలు మాట్లాడుకుని వెళ్ళే వీరాభిమానులను ఆ రేడియోవాళ్ళే ఈ కోటు పేరుతో పిలిచారని చెబుతారు. తరవాత ఆ పేరు దేశమంతా పాకింది. రైలు ఇంజన్ల నంబర్లు రాసుకునేవాళ్ళు, బస్సుల రకాలు గుర్తుపట్టేవాళ్ళు, పాత టైంటేబుళ్ళు దాచుకునేవాళ్ళు, నలుగురిలో మాట కలపలేక తమకు ప్రాణమైన ఒక్క విషయం గురించి మాత్రం గంటల తరబడి చెప్పేవాళ్ళు, అందరికీ అదే పేరు. నవ్వుతూనే అనేవారు. అనిపించుకున్నవాడికి మాత్రం గుచ్చుకునేది.

నాకు దొరికిన మంచి స్నేహితుల్లో ఒకరు అలాంటి మనిషి. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. తన పేరు నలుగురి నోళ్ళలో పడటం ఆయనకు బతికున్నప్పుడూ ఇష్టం లేదు.

*

గుంటూరులో చదువు ముగించుకుని మా తరం వాళ్ళం చాలామందిమి ఇంగ్లాండు ఆసుపత్రులకు వెళ్ళాం. నాకు దొరికిన ఉద్యోగం యార్క్‌షైర్‌లో ఒక ఆసుపత్రిలో. ఉండటానికి ఆవరణలోనే ఒక గది, గదిలో నాణెం వేస్తే వెలిగే గ్యాసు హీటరు. ఆయన అక్కడ పోర్టరు. వార్డుల నుంచి రోగులను ఆపరేషన్ థియేటరుకు తీసుకెళ్ళడం, తిరిగి తీసుకురావడం ఆయన పని. మనిషి పొడవు, కొంచెం వంగి నడిచేవాడు. ఎదుటివాళ్ళ మొహంలోకి కాకుండా భుజం పక్కకు చూస్తూ మాట్లాడేవాడు, అదీ అవసరమైతేనే. స్ట్రెచరు బండిని మలుపుల దగ్గర ఎంత నిదానంగా తిప్పేవాడంటే, కడుపు కోసిన రోగికి కూడా కుదుపు తెలిసేది కాదు. నర్సులు ఆయన పని మెచ్చుకునేవారు, భోజనాల వేళ మాత్రం ఆయన బల్ల దగ్గర ఎవరూ కూర్చునేవారు కాదు.

ఆ రోజుల్లో ఆదివారం అంటే అక్కడ ఊరంతా మూతపడేది. 1994లో చట్టం మారేదాకా పెద్ద దుకాణాలు ఆదివారం తెరవడానికి వీల్లేదు. రాత్రి డ్యూటీ దిగి, నిద్ర పట్టక, మాట్లాడటానికి మనిషి లేక వీధుల్లో తిరిగేవాణ్ణి. వెచ్చగా కూర్చుని టీ తాగగలిగిన చోటు రైల్వే స్టేషను ఒక్కటే. డీజిలు పొగ, తడిసిన ఉన్ని కోట్లు, కాగి కాగి చిక్కబడ్డ టీ, అన్నీ కలిసిన వాసన. బిట్రగుంటలో పెరిగినవాడికి స్టేషను వాసన ఏ దేశంలోనైనా ఇంటి వాసనే.

అక్కడ, ప్లాట్‌ఫారం చిట్టచివర, కప్పు కూడా లేని చోట, కొందరు మగవాళ్ళు గాలికి వీపు పెట్టి నిలబడి ఉండేవాళ్ళు. రైలు ఎక్కరు, ఎవరికోసమూ ఎదురుచూడరు. ఏదో బండి వస్తే అందరి చేతులూ ఒక్కసారి కదిలేవి, మళ్ళీ నిశ్చలం. ఒక ఆదివారం వాళ్ళలో మా పోర్టరును గుర్తుపట్టాను. దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, ఎందుకొచ్చావని అడగలేదు. ఒక అడుగు పక్కకు జరిగి చోటిచ్చాడు. కొంతసేపటికి ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చాడు. ఆ పూటకు మా సంభాషణ అంతే. ఆ దేశం వెళ్ళాక నాకు జరిగిన మొదటి ఆతిథ్యం అది.

*

మా నాన్న బిట్రగుంట లోకో షెడ్డులో పనిచేసేవారని చెప్పిన రోజున ఆయన మొదటిసారి నా కళ్ళలోకి చూశాడు. మద్రాసు–విజయవాడ లైను మీద నెల్లూరు దాటాక వచ్చే బిట్రగుంట ఒకప్పుడు ఇంజన్ల ఊరు. ఉతికి ఆరేసిన బట్టల మీద బొగ్గు నుసి పడుతుందని అమ్మ గాలి వాటం చూసి దండెం మార్చేది. అర్ధరాత్రి కాల్ బాయ్ లాంతరు పట్టుకుని వచ్చి, డ్రైవర్ల ఇళ్ళ తలుపులు కొట్టి, ఏ బండికి ఎన్ని గంటలకు ఎక్కాలో చెప్పి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని వెళ్ళేవాడు. నిద్రలోనే ఆ తలుపు చప్పుడు ఏ ఇంటిదో చెప్పగలిగేవాళ్ళం.

ఇవన్నీ చెబుతుంటే ఆయన పెన్ను తీశాడు. ఏ తరగతి ఇంజన్లు ఉండేవి? పాసింజరు బళ్ళకు ఏవి, గూడ్సుకు ఏవి? ముందు భాగం బుల్లెట్టులా గుండ్రంగా ఉండి మీద నక్షత్రం ఉండేదా? "డబ్ల్యూపీ" అని ఆయనే అన్నాడు, నేను నోరు తెరిచేలోపు. గూడ్సు లాగే డబ్ల్యూజీలలో తొలి వంతువి గ్లాస్గోలో నార్త్ బ్రిటిష్ కంపెనీ చేసి పంపిందని ఆయనే చెప్పాడు. మా ఇంటి వెనక రాత్రంతా బుసలు కొట్టిన ఇంజన్ల పుట్టిల్లు, అప్పటికి యార్క్‌షైర్ దాటి ఎక్కువ దూరం వెళ్ళని ఆ మనిషికి తెలుసు. ఊళ్ళో అప్పటిదాకా నన్ను అందరూ అడిగింది చలికి తట్టుకుంటున్నావా అనే. మా ఊరి గురించి తెలుసుకోవాలని అడిగినవాడు ఆయనొక్కడే.

*

వాళ్ళ పని చూస్తే తేలిక. నిజానికి అది పూజలా నియమంగా సాగేది. కొత్తగా అచ్చయిన ఇంజన్ల జాబితా పుస్తకం ఒకటి జేబులో ఉంటుంది, దేశంలోని ప్రతి ఇంజను నంబరూ అందులో వరసగా ఉంటుంది. బండి వచ్చినప్పుడు కనపడిన నంబరు చిన్న నోటుపుస్తకంలోకి ఎక్కుతుంది. అంతకుముందెన్నడూ చూడని ఇంజను అయితే దాన్ని "కాప్" అంటారు. రాత్రి ఇంటికి వెళ్ళి, చేతులు కడుక్కుని, స్కేలు పెట్టి, ఆ నంబరు కింద జాబితాలో గీత గీయాలి. ఆయన గీత ఎక్కడా వంకర పోయేది కాదు. 1973 ప్రాంతంలో డీజిలు ఇంజన్లకు కంప్యూటర్ పద్ధతిలో కొత్త నంబర్లు వేశారు. ముందు రెండు అంకెలు తరగతి, మిగతావి ఆ ఇంజను సొంతం. 47 అంటే ఇది, 37 అంటే అది అని నాకు నేర్పినవాడు ఆయనే. కొన్నాళ్ళకు నంబరు కనపడకముందే చప్పుడు విని తరగతి చెప్పడం నాకూ వచ్చింది.

ఆ జాబితా పుస్తకాల కథ ఆయన చెప్పగా విన్నదే. ఇయాన్ అలన్ అనే యువకుడు లండన్ వాటర్లూలో సదరన్ రైల్వే ఆఫీసులో గుమాస్తా. ఇంజన్ల గురించి అడుగుతూ జనం రాసే ఉత్తరాలకు జవాబులు రాసీ రాసీ, ఇవన్నీ ఒక చిన్న పుస్తకంగా వేస్తే పోతుంది కదా అనుకున్నాడు. పైవాళ్ళు ఆసక్తి చూపలేదు. తనే అచ్చు వేయించి 1942లో షిల్లింగుకు ఒకటి చొప్పున అమ్మాడు. యుద్ధం నడుస్తోంది, బాంబులు పడుతున్నాయి, అయినా పుస్తకాలు చకచకా అయిపోయాయి. యుద్ధం ముగిశాక ఇంగ్లాండులో నిక్కరు వేసుకున్న ప్రతి కుర్రవాడి జేబులోనూ పెన్సిలుతో పాటు ఆ పుస్తకం ఉండేదట. పెద్దయ్యాక చాలామంది మానేశారు. మానలేనివాళ్ళకే ఆ తరవాత కోటు పేరు అంటించారు.

*

డోంకాస్టర్ అంటే వాళ్ళకు కాశీ. మల్లార్డ్, ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అనే పేరుమోసిన ఆవిరి ఇంజన్లు పుట్టింది స్టేషను పక్కన ఉన్న కార్ఖానాలోనే. ఊరివాళ్ళు దాన్ని ప్లాంట్ అంటారు. ఆవిరి ఇంజన్లలో ప్రపంచ వేగ రికార్డు, గంటకు 126 మైళ్ళు, 1938లో మల్లార్డ్ నెలకొల్పింది. నేను వెళ్ళేటప్పటికి ఆవిరి ఎప్పుడో పోయింది, 1968 ఆగస్టులోనే మామూలు బళ్ళకు దాని వాడకం ముగిసింది. అప్పటి మహారాజులు డెల్టిక్‌లు అనే డీజిలు ఇంజన్లు. మొత్తం 22. లండన్ నుంచి ఎడిన్‌బరోకు పోయే పెద్ద బళ్ళను లాగేవి. ఒక్కో ఇంజనులో రెండు నేపియర్ మోటార్లు, నౌకాదళం వేగపు పడవల కోసం తయారైన రకం. ఆగి ఉన్నప్పుడు ఒక రొద, కదిలేటప్పుడు ఛాతీలో తగిలే గర్జన, వెనక నీలిరంగు పొగ. కొన్నింటికి సైన్యపు రెజిమెంట్ల పేర్లు, కొన్నింటికి పందెపు గుర్రాల పేర్లు. తుల్యార్, మెల్డ్, బాలిమాస్, సెయింట్ ప్యాడీ, ఈ గుర్రాలన్నీ డోంకాస్టర్ మైదానంలోనే సెయింట్ లెజర్ పందెం గెలిచినవి. అందుకే ఊరివాళ్ళకు ఆ ఇంజన్లు సొంత పిల్లలు.

125 మైళ్ళ వేగంతో పోయే కొత్త బళ్ళు వచ్చాక డెల్టిక్‌లు ఒక్కొక్కటే పక్కకు తప్పుకున్నాయి. 1982 జనవరి 2న ఆఖరి ప్రత్యేక రైలు. వెళ్ళేటప్పుడు తుల్యార్, తిరిగి వచ్చేటప్పుడు రాయల్ స్కాట్స్ గ్రే. ఆ రోజు నాకు సెలవు దొరికింది. చలి గురించి చెప్పను, ఆ ఏటి చలి గురించి అక్కడివాళ్ళే ఇప్పటికీ చెప్పుకుంటారు. సాయంత్రం చీకటి పడ్డాక ప్లాట్‌ఫారాలు, వంతెనలు, గోడలు అన్నీ జనం. ఇంతమంది ఎక్కడి నుంచి వచ్చారో! దూరాన రొద వినపడగానే అంత గుంపూ మాట ఆపేసింది. టేపు రికార్డర్లు పట్టుకున్న చేతులు పైకి లేచాయి. ఇంజను మా ముందు నుంచి పోయింది. అది దాటిపోయాక కూడా ఎవరూ కదలలేదు, పట్టాల చప్పుడు పూర్తిగా ఆగేదాకా టేపులు తిరుగుతూనే ఉన్నాయి. పక్కన ఒక పెద్దాయన బాహాటంగా ఏడుస్తున్నాడు. మా పోర్టరు ఆయన దగ్గరికి వెళ్ళి, ఏమీ అనకుండా, ఫ్లాస్కు మూత చేతికిచ్చాడు.

తరవాత వాటిలో ఎక్కువ భాగం ప్లాంట్ ఆవరణలోనే ముక్కలయ్యాయి. ఆరు మిగిలాయి. ఆ ఆరింటినీ మిగిల్చింది ప్రభుత్వం ఒక్కటే కాదు. ఒకటి జాతీయ మ్యూజియానికి పోతే, తక్కినవాటిని చందాలు వేసుకుని కొనుక్కున్నది ఈ కోటువాళ్ళే.

*

డాక్టర్ల గదిలో కుర్ర డాక్టరు ఒకడు ఆయన నడక అనుకరించి అందరినీ నవ్వించేవాడు. టీవీలో హాస్యగాళ్ళకు కూడా అదొక తేలిక సరుకు అయిపోయింది: మందపాటి కళ్ళద్దాలు, ఫ్లాస్కు, శాండ్‌విచ్‌లు, ఆడవాళ్ళతో మాట్లాడలేని మగవాడు. నాకు అప్పుడూ కోపం వచ్చేది, ఇప్పుడూ వస్తుంది. ఫుట్‌బాల్ జట్టు ఏ ఏడు ఎన్ని గోల్స్ వేసిందో కంఠతా చెప్పేవాణ్ణి మగాడంటారు, ఇంజను ఏ ఏడు ఏ షెడ్డులో ఉందో చెప్పేవాణ్ణి పిచ్చివాడంటారు. ఈ తేడా ఎవరు నిర్ణయించారు?

వైద్యుణ్ణి కాబట్టి ఇప్పటివాళ్ళు నన్ను అడుగుతారు, ఆయనకు ఆటిజం ఉండేదా అని. ఉండి ఉండవచ్చు. నేను ఆయనకు వైద్యం చేయలేదు, పక్కన నిలబడ్డాను. పోయిన స్నేహితుడికి రోగనిర్ధారణ చేసే పని పెట్టుకోను.

*

ఒక వేసవిలో నన్ను వేల్స్‌కు తీసుకెళ్ళాడు. బారీ అనే ఓడరేవు ఊళ్ళో వుడ్‌హామ్ బ్రదర్స్ వారి పాత ఇనుము యార్డు ఉండేది. ఆవిరి ఇంజన్లను రైల్వే తుక్కుగా అమ్మేసినప్పుడు యార్డు యజమాని డై వుడ్‌హామ్ 297 కొన్నాడు. కానీ గూడ్సు పెట్టెలు కోయడం తేలిక, వాటితోనే ఆయన మనుషులకు చేతినిండా పని. ఇంజన్లు అలా ఏళ్ళ తరబడి సముద్రపు గాలికి నిలబడిపోయాయి.

మేం వెళ్ళేసరికి వరసలు వరసలుగా ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. కొన్నింటికి పొగగొట్టం లేదు, కొన్నింటికి పక్క కడ్డీలు లేవు. డ్రైవరు నిలబడే చోట గడ్డి మొలిచింది. ఒక బాయిలరు మీద తెల్ల రంగుతో "అమ్ముడైపోయింది, ఏమీ విప్పవద్దు" అని రాసి ఉంది. నేను చిన్నప్పుడు చూసినవి నల్లగా నిగనిగలాడే ప్రాణులు. వాటి జాతివాళ్ళను ఇలా చూసి కడుపులో దేవినట్టయింది. మా పోర్టరు మాత్రం ఒక్కో ఇంజను దగ్గర ఆగి, చేత్తో తడిమి, ఇది పనికొస్తుంది, దీనికి ఫలానా భాగం ఫలానా చోట దొరుకుతుంది అని చెబుతూ పోయాడు. ఆ 297లో చివరికి 213 ఇంజన్లను అభిమానుల సంఘాలు డబ్బు కూడబెట్టి కొని తీసుకెళ్ళాయి. గుమాస్తాలు, బడిపంతుళ్ళు, పోర్టర్లు. వాటిలో చాలా ఇంజన్లు తిరిగి నిప్పు రాజేసుకుని నడిచాయి.

ఆయన శనివారాలు కీథ్‌లీ నుంచి ఆక్సన్‌హోప్ దాకా అయిదు మైళ్ళ చిన్న లైను మీద పనిచేసేవాడు. మూతపడ్డ ఆ లైనును అభిమానులే 1968లో తెరిచి నడుపుతున్నారు. జీతం లేదు. ఒకసారి వెళ్ళి చూశాను. వార్డులో తల ఎత్తని మనిషి అక్కడ మసి పట్టిన మొహంతో, బాయిలరు గొట్టాలు ఎలా శుభ్రం చేయాలో కుర్రవాళ్ళకు గట్టి గొంతుతో చెబుతున్నాడు. వాళ్ళు ఆయన్ను "సార్" అనడం లేదు, కానీ ఆయన చెయ్యి చాపితే కావలసిన పానా ముందే అందిస్తున్నారు. మా నాన్న షెడ్డులో మేస్త్రీలకు ఉండే గౌరవం అది. బిట్రగుంట షెడ్డు ఆ పాటికి పలచబడిపోతోంది. అక్కడి ఇంజన్లను గురించి ఇంత శ్రద్ధ పెట్టేవాళ్ళు మాకూ ఉండి ఉంటే ఎంత బాగుండేదని ఆ సాయంత్రం అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

*

తరవాత నేను వేరే ఊరికి మారాను, పెళ్ళి, పిల్లలు, ఆపైన హైదరాబాదు. ఉత్తరాలు నడిచాయి. రైల్వేను ప్రైవేటు కంపెనీలకు పంచారని, టికెట్టు లేకపోతే గేటు దాటనివ్వడం లేదని, కొత్త బళ్ళకు ఇంజనే విడిగా ఉండదని రాసేవాడు. ఫిర్యాదులా కాదు, సమాచారంలా రాసేవాడు. ప్రతి ఉత్తరం చివరా భారతదేశంలో ఆ నెల నేను చూసిన ఇంజన్ల నంబర్లు పంపమని ఉండేది. పంపేవాణ్ణి. సికింద్రాబాదు, కాజీపేట, విజయవాడ. మా పిల్లలు నంబర్లు చదివితే నేను రాసేవాణ్ణి.

మళ్ళీ కలిసింది 2009 జనవరి ఆఖరున, యార్క్‌లో. టోర్నడో అనే కొత్త ఆవిరి ఇంజను మొదటిసారి ప్రయాణికులతో బయలుదేరిన రోజు అది. యుద్ధం తరవాత చేసిన ఎ1 తరగతి ఆవిరి ఇంజన్లు 49 ఉండేవి, 1966 నాటికి ఒక్కటీ మిగల్లేదు. 1990లో కొందరు కలిసి, లేనిదాన్ని మళ్ళీ కొత్తగా చేద్దామని పాత నక్షాలు వెతికారు. వారానికి ఒక గ్లాసు బీరు ఖరీదు ఇవ్వండి చాలు అని జనాన్ని అడిగారు. అంత పెద్ద బాయిలరు చేసే చోటు బ్రిటన్‌లో లేకపోతే జర్మనీలోని మైనింగెన్‌లో చేయించారు. డార్లింగ్‌టన్‌లో ఇంజను పూర్తయ్యేసరికి దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది. ఒకప్పటి ఆ 49 నంబర్ల తరవాతి నంబరే దానికి ఇచ్చారు, 60163.

మా పోర్టరు మొదటి నుంచీ చందా కట్టినవాడని ఆ రోజే తెలిసింది. ఉత్తరాల్లో ఎన్నడూ రాయలేదు. పోర్టరు జీతంలోంచి, ఆ తరవాత పింఛనులోంచి. జుట్టు పూర్తిగా నెరిసింది, కోటు కొత్తది, జేబులు అవే. ఇంజను ఆవిరి వదిలి కూత వేసినప్పుడు ఆయన నంబరు రాసుకోలేదు. చేతులు జేబుల్లోనే ఉంచుకుని చూశాడు.

తిరుగు ప్రయాణంలో డోంకాస్టర్‌కు మామూలు బండి ఎక్కాం. ఎదుటి సీటులో అమ్మతో పాటు పదేళ్ళ పిల్లవాడు, మెడలో కెమెరా. చక్రాలు అంత పెద్దవి ఎందుకు అని ఎవరినీ ఉద్దేశించకుండా అడిగాడు. ఆయన ముందుకు వంగి జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. చక్రం చుట్టుకొలత, పిస్టను విసురు, వేగం, డోంకాస్టర్ ప్లాంట్, తుల్యార్, బారీ, చివరికి బిట్రగుంట. పిల్లవాడు కన్నార్పకుండా వింటున్నాడు, మధ్యలో ప్రశ్నలు వేస్తున్నాడు. ఆయన పిల్లవాడి మొహంలోకే చూస్తూ చెబుతున్నాడు. ఎన్నో ఏళ్ళ తరవాత కలిశాం, దారి పొడుగునా నాతో ఒక్క మాట మాట్లాడే తీరిక ఆయనకు దొరకలేదు.